విశాఖకు వచ్చి అలసట తీర్చుకుని వెళ్లడం ఎలా?

మాది ఎంవీపీ కాలనీ. సముద్రం నడిచి వెళ్లే దూరంలోనే ఉంటుంది. అందుకని సెలవులు వచ్చాయంటే చుట్టాలెవరో ఒకరు మా ఇంట్లో దిగుతారు. వాళ్లు రావడం నాకు ఎంత ఇష్టమో, వెళ్లేరోజు స్టేషన్‌లో వాళ్ల ముఖాలు చూడటం అంత కష్టం. రెండేళ్ల కిందట మా ఆడపడుచు వాళ్లు గుంటూరు నుంచి వచ్చారు. మూడు రోజుల్లో కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, జూ, సింహాచలం, ఋషికొండ, భీమిలి, బొర్రా గుహలు, అరకు, చివరిరోజు పొద్దున ఒక స్పా. రైలెక్కే ముందు "ఇంటికెళ్లి రెండు రోజులు పడుకుంటే గానీ మనుషులం కాలేం వదినా" అంది. అంత డబ్బు ఖర్చుపెట్టి, సెలవులన్నీ వాడేసి, వచ్చినప్పటికంటే నీరసంగా తిరిగి వెళ్లారు.

2010లో నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా వయోజనులను అడిగి చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. ఊరెళ్లబోతున్నామన్న ఉత్సాహంలో ఉన్నవాళ్లు ప్రయాణానికి ముందు మిగతావాళ్లకంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చూస్తే, వెళ్లొచ్చినవాళ్లకూ అసలు కదలనివాళ్లకూ పెద్ద తేడా లేదు. "చాలా ప్రశాంతంగా గడిచింది" అని చెప్పినవాళ్లకు మాత్రమే ఆ సంతోషం రెండు వారాల దాకా మిగిలింది. అది చదివినప్పుడు నాకు మా ఆడపడుచే గుర్తొచ్చింది. ఎన్ని చోట్లు చూశామన్నది ఆ లెక్కలోకి రాలేదు. చుట్టూ వినిపించే చప్పుడు, ఒంటికి తగిలే గాలి, గదిలో వెలుతురు, వాసన, మనతో మాట్లాడే మనిషి తీరు, వీటివల్లే ఒళ్లు తేలికపడుతుంది లేదా బిగుసుకుంటుంది. ఇవన్నీ మీరు ముందుగా ఎంచుకోగలిగినవే. విశాఖలో ఎలా ఎంచుకోవాలో, ఇన్నేళ్లుగా అతిథులను చూసుకుంటూ నేను నేర్చుకున్నది చెబుతాను.

1. ముందు మీ అలసట ఎలాంటిదో చూసుకోండి

టికెట్లు బుక్ చేసే ముందు ఒక సాయంత్రం కూర్చుని ఆలోచించండి. నిలబడి చేసే పనివల్లో, డ్రైవింగ్ వల్లో ఒళ్లు అలిసిందా? రోజంతా స్క్రీన్ చూసి, లెక్కలు చూసి, నిర్ణయాలు తీసుకుని బుర్ర అలిసిందా? లేక ఇంట్లో ఎవరికో చాలాకాలం సేవ చేసి మనసు బరువెక్కిందా?

ఒళ్లు అలిసినవాళ్లకు నూనె మర్దన, వేడినీళ్లు, నిద్ర కావాలి. వాళ్లను కైలాసగిరి మెట్ల మీద తిప్పకండి. బుర్ర అలిసినవాళ్లకు సముద్రం మంచి మందు. రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే అమెరికన్ దంపతులు దీని గురించి ఏళ్ల తరబడి పనిచేశారు. పట్టుబట్టి ఒకే విషయం మీద దృష్టి పెడుతూ ఉంటే ఆ శక్తి తరిగిపోతుందని, అలలు, ఆకులు, మబ్బుల్లాంటివి మన ప్రయత్నం లేకుండానే చూపును పట్టి ఉంచుతాయని, ఆ కాసేపట్లో తరిగిన శక్తి మళ్లీ కూడుతుందని వాళ్లు చెప్పారు. మనసు బరువెక్కినవాళ్లను మాత్రం ఖాళీ బీచ్‌లో ఒంటరిగా కూర్చోబెట్టకండి. సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. పిల్లలు, గాలిపటాలు, మురీ మిక్చర్ బండ్లు, ఆ జనం మధ్య కూర్చుంటేనే వాళ్లకు బాగుంటుంది.

ఒకే ఇంట్లో ఈ మూడు రకాలవాళ్లూ ఉండొచ్చు. అందరూ అన్నిచోట్లకీ కలిసే వెళ్లాలన్న నియమం పెట్టుకోకండి.

2. తేదీలు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మా ఊరు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకంటే ఉక్కపోతే ఎక్కువ బాధ. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీదికే వచ్చింది. ఆ నెలల్లో వస్తే వాతావరణ హెచ్చరికలు చూసుకుని బయలుదేరండి.

సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయనాడు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. భక్తితో వచ్చేవాళ్లకు అవి గొప్ప రోజులు. విశ్రాంతి కోసం వచ్చేవాళ్లు మాత్రం ఆ తేదీలు వదిలిపెట్టి, మామూలు వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. కొండ మీది ఊట గంగధార దగ్గర కాసేపు కూర్చుని రావచ్చు.

3. గది: ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే

చాలామంది "పగలంతా బయటే తిరుగుతాం, పడుకోవడానికి ఏ గదైతే ఏముంది" అంటారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడు రోజుల్లో సగానికి సగం ఆ గదిలోనే గడుస్తుంది.

రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక చిన్న పరిశోధన అచ్చువేశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తీసి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించిన రోగులకంటే త్వరగా ఇంటికి వెళ్లారు. గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. చూసింది 46 మందినే కాబట్టి దాని మీద మరీ పెద్ద మేడలు కట్టను. కానీ కిటికీ సంగతి పట్టించుకోవాలని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి. కిటికీ తెరుచుకుంటుందా, అద్దం బిగించేసి ఉందా? తెరిస్తే ఏం కనిపిస్తుంది? గది రోడ్డు వైపు ఉందా, లోపలి వైపు ఉందా? పక్కన ఫంక్షన్ హాలు గానీ, హోటల్‌లోనే పెళ్లి గానీ ఉందా? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. ముహూర్తాల రోజుల్లో రాత్రి ఒంటిగంట దాకా డీజే మోగితే సముద్రం కనిపించే గదైనా నిద్ర పట్టదు.

సముద్రం వైపు గది దొరికితే మధ్యాహ్నం తర్వాత కాసేపు ఏసీ ఆపి కిటికీ తెరవండి. పగలు నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లటి గాలి వస్తుంది. దాని కోసమే కదా ఇంతదూరం వచ్చింది. రాత్రికి నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది, అప్పుడు కిటికీ మూసుకున్నా పరవాలేదు.

4. రోజుకు ఒక్కచోటు

పొద్దున సముద్రం, మధ్యాహ్నం గదిలో నిద్ర, సాయంత్రం ఒక్కచోటు. ఇంతే పెట్టుకోండి. మిగిలిపోయినవాటికి ఇంకోసారి రావచ్చు.

మాది తూర్పు తీరం. సముద్రంలోంచి సూర్యుడు లేవడం ఇక్కడ చూడాల్సిన దృశ్యం. మే నెలలో ఐదున్నరలోపే లేస్తాడు, జనవరిలో ఆరున్నర దగ్గర. చాలామంది సాయంత్రం మాత్రమే బీచ్‌కి వెళ్లి, పొద్దుటి సముద్రం చూడకుండానే ఊరు దాటిపోతారు. పొద్దున్నే కొంతసేపు ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు. హారన్ లేని ఆ రోడ్డు మీద నడవడం ఎంత బాగుంటుందో ఒక్కసారి చూడండి. జాలారిపేట వైపు వెళ్తే వేట నుంచి వచ్చిన పడవలు కనిపిస్తాయి. అక్కడివాళ్లు పనిలో ఉంటారు. అడగకుండా ఫోటోలు తీయకండి.

నీళ్లలోకి దిగే విషయంలో నా మాట గట్టిగా తీసుకోండి. ఆర్కే బీచ్ దగ్గర సముద్రాన్ని ఒడ్డున కూర్చుని చూడండి, పాదాలు తడుపుకోండి, అంతకుమించి లోపలికి వెళ్లకండి. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ సన్నటి పాయగా మళ్లీ లోపలికి లాక్కుపోతాయి. ఆ పాయ ఉన్నచోట అలలు విరగవు, పైకి చూస్తే అక్కడే నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. స్నానం చేయాలనుకుంటే ఋషికొండకు వెళ్లండి. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో దానికి వచ్చింది. అక్కడ కూడా లైఫ్‌గార్డు ఉన్నాడో లేదో చూసుకుని, అతను చూపించిన చోటే దిగండి. ఎర్రజెండా ఉంటే వెనక్కి వచ్చేయండి.

5. తొట్లకొండ మీద ఒక పూట

నన్నడిగితే విశాఖలో మనసు కుదుటపడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. భీమిలి రోడ్డులో నగరం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరం. కొండ మీద బౌద్ధ ఆరామం శిథిలాలు ఉన్నాయి. స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల వరసలు, అందరూ కలిసి భోజనం చేసిన సావిడి. నీళ్లు నిల్వ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా ఇక్కడ తవ్వకాలు జరిపింది.

రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్నవాళ్లు చోటును ఎలా ఎంచుకున్నారో గమనించండి. ఊరి గోల వినిపించనంత దూరం, భిక్షకు నడిచి వెళ్లగలిగేంత దగ్గర. ఎదురుగా సముద్రం. పైనుంచి గాలి. వాననీళ్లు పట్టుకోవడానికి రాయి. మనం ఇప్పుడు రిసార్టుల్లో వెతుక్కునేవన్నీ అందులో ఉన్నాయి. ఆ గదుల కొలతలు చూస్తే ఒక మనిషికి ఎంత తక్కువ చోటు సరిపోతుందో తెలిసి నాకు ప్రతిసారీ మనసు తేలికపడుతుంది.

పొద్దున తెరిచిన వెంటనే గానీ, మధ్యాహ్నం ఎండ తగ్గాక గానీ వెళ్లండి. పైన నీడ తక్కువ. మంచినీళ్లు, టోపీ తీసుకెళ్లండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేయండి. సముద్రం కనిపించేచోట ఇరవై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు చేతులు ఫోన్ కోసం వెతుకుతాయి. తర్వాత సర్దుకుంటాయి. ఇటుకల గోడల మీదికి ఎక్కకండి, పిల్లలను ఎక్కనివ్వకండి.

6. స్పాకు వెళ్తే

స్పా అనే మాట బెల్జియంలోని ఒక ఊరి పేరు. ఖనిజాలున్న ఊటనీళ్లలో స్నానం చేస్తే జబ్బులు తగ్గుతాయని జనం అక్కడికి వెళ్లేవారు. మనకు ఇదేమీ కొత్త సంగతి కాదు. భోగికి, దీపావళికి తలంటు పోసుకునే ఇళ్లు మనవి.

రెండేళ్ల కిందట మా అమ్మను మోకాళ్ల నొప్పులకని నగరంలో ఒక స్పాకి తీసుకెళ్లాను. పేరు అనవసరం. చూడటానికి చాలా అందంగా ఉంది. కానీ లోపలికి అడుగు పెట్టగానే ఘాటైన సెంటు వాసన. కౌంటర్ దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది. అమ్మ చెప్పులు విప్పుతుండగానే ఒకమ్మాయి ఆరు నెలల ప్యాకేజీ గురించి మొదలుపెట్టింది. నూనె రాసిన ఒంటి మీద ఏసీ గాలి నేరుగా తగులుతుంటే, చలేస్తోందని చెప్పడానికి అమ్మ మొహమాటపడింది. ఇంటికి వచ్చేసరికి తలనొప్పి. మర్నాడు నేనే నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, పెరట్లో ఎండపొడ తగిలేచోట పీట వేసి కూర్చోబెట్టి మాడుకు, మోకాళ్లకు పట్టించాను. నలుగుపిండి, కుంకుడు రసం, సాంబ్రాణి పొగ. అమ్మ అన్నం తిని రెండు గంటలు కదలకుండా నిద్రపోయింది.

నాకంటే ఆ స్పాలో అమ్మాయికి మర్దన బాగా వచ్చు, అందులో సందేహం లేదు. కానీ చుట్టూ ఉన్నవేవీ ఆమెకు సాయం చేయలేదు. మేరీ జో బిట్నర్ అనే మార్కెటింగ్ పరిశోధకురాలు 1992లో దీని గురించే రాసింది. సేవ జరిగే చోట ఉష్ణోగ్రత, చప్పుడు, వాసన, వెలుతురు, సామాన్ల అమరిక, ఇవి వచ్చినవాళ్ల మీదే కాకుండా పనిచేసేవాళ్ల మీద కూడా పనిచేస్తాయని. ఆ రోజు ఆ అమ్మాయి కూడా అదే ఘాటు వాసనలో, అదే ఫోన్ మోతలో పొద్దుటి నుంచి నిలబడి ఉంది.

అందుకని బుక్ చేసే ముందు ఒకసారి వెళ్లి చూడండి. ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు, అక్కడ మీ ఊపిరి నెమ్మదిస్తోందా, భుజాలు బిగుసుకుంటున్నాయా మీకే తెలుస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్లు మనిషి మనిషికీ మారుస్తారా అని అడగండి. ధరల పట్టిక రాసి ఉండాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారా, థెరపిస్టు ఎక్కడ నేర్చుకున్నారు అని అడగడంలో తప్పు లేదు. గదిలో కెమెరా ఉండకూడదు. ఎవరైనా మరో రకం సేవలని సైగ చేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బీపీ, గుండె జబ్బు, గర్భం, షుగర్ వల్ల కాళ్ల తిమ్మిర్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా స్టీమ్ గదిలోకి వెళ్లకూడదు. మిగతావాళ్లకైనా మొదటిసారి పది నిమిషాలు చాలు. తల తిరిగినట్టుంటే వెంటనే బయటికి రావాలి. కాలి పిక్కలో వాపుతో నొప్పి ఉన్నా, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా మర్దన చేయించుకోకండి. జ్వరం, చర్మం మీద పుండ్లు ఉన్నప్పుడు కూడా వద్దు. కొత్త నూనె అయితే ముంజేతి మీద చుక్క రాసి చూడండి.

వెళ్లేముందు కడుపునిండా తినకండి. రెండు గంటల ముందు తేలికగా ఏదైనా తినండి. బల్ల మీద పడుకోగానే మూడు విషయాలు చెప్పేయండి: ఎక్కడ నొప్పి ఉంది, ఎంత ఒత్తిడి కావాలి, ఏసీ ఎంత ఉండాలి. పాటలు వద్దంటే ఆపమనండి. "అమ్మా, కాస్త నెమ్మదిగా" అంటే వాళ్లేమీ అనుకోరు. చెప్పకుండా పళ్లు బిగబట్టుకుని పడుకుంటేనే వాళ్ల కష్టం, మీ డబ్బు రెండూ వృథా.

అయ్యాక అరగంట కూర్చుని మంచినీళ్లు తాగండి. ఆ సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకండి, బండి నడపకండి. మా ఆడపడుచు వాళ్లు స్పా నుంచి నేరుగా స్టేషన్‌కి పరుగెత్తారు. ఉన్న రోజుల్లో మధ్యరోజు సాయంత్రం స్పాకి సరైన సమయం.

స్పా వద్దనుకుంటే గదిలోనే పడుకోవడానికి గంట, గంటన్నర ముందు వేడినీళ్ల స్నానం చేయండి. పది నిమిషాలు చాలు. వేడికి రక్తం చేతులకు, పాదాలకు పారుతుంది, స్నానం అయ్యాక లోపలి వేడి ఆ దారినే బయటికి పోయి ఒళ్లు చల్లబడుతుంది. అప్పుడు నిద్ర త్వరగా పడుతుంది.

7. అరకు

కిరండూల్ రైల్లో నాలుగు గంటలు వెళ్లి, అక్కడ మూడు గంటలు తిరిగి, మళ్లీ నాలుగు గంటలు వెనక్కి. ఒక్కరోజులో ఇది విశ్రాంతి కిందికి రాదు. రాత్రి అక్కడ ఉండగలిగితేనే వెళ్లండి. ఉంటే మాత్రం చాలా బాగుంటుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు కాబట్టి మా ఊరికంటే ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. వెళ్లేటప్పుడు రైలు, యాభైకి పైగా సొరంగాలు, అనంతగిరి కాఫీ తోటలు. దారిలో బొర్రా గుహలు చూడాలనుకుంటే, పెద్దవాళ్లకు అక్కడి మెట్ల సంగతి ముందే చెప్పండి. గుహల దగ్గర పారే గోస్తనీ నదే కిందికి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అరకు కుదరకపోతే ఒక సాయంత్రం భీమిలిలో ఆ నది మొగ దగ్గర కూర్చోండి.

8. తిరిగి వెళ్లాక

డచ్ ఉద్యోగుల మీదే జరిగిన మరో పరిశోధనలో, సెలవుల్లో కూడిన ఉత్సాహం పనిలో చేరిన మొదటి వారంలోనే మామూలు స్థాయికి పడిపోయిందని తేలింది. అందుకే ఉన్న సెలవులో ఒక రోజు ఇంటి కోసం ఉంచుకోండి. ఆదివారం రాత్రి దిగి సోమవారం పొద్దున ఆఫీసుకు పరుగెత్తేలా టికెట్ తీసుకోకండి. ఆ రోజు బట్టలు ఉతుక్కోండి, చారూ అన్నం తినండి, మధ్యాహ్నం పడుకోండి.

ఇంగ్లండులో సుమారు 20,000 మంది మీద 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం, వారానికి మొత్తం 120 నిమిషాలైనా చెట్ల మధ్యో, నీళ్ల దగ్గరో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువ. అది ఒకేసారి కానక్కర్లేదు. గుంటూరులో సముద్రం లేదని మా ఆడపడుచు అంటే, మీ వీధి చివర పార్కు ఉంది కదా అన్నాను. ఈ సంక్రాంతికి మళ్లీ వస్తున్నారు. నాలుగు రోజులకు నాలుగే చోట్లు రాసి పంపింది. భోగి పొద్దున తలంటుకి కుంకుడుకాయలు నానబెట్టి ఉంచమంది.